దొంతి: పద్దెనిమిది మంది, ఒక మట్టి స్తంభం – ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

మా అపార్ట్‌మెంట్ బ్లాకుల మధ్య పాత కుర్చీలు, సిమెంటు బస్తాలు పడేసే మూల ఒకటి ఉండేది. దాన్ని శుభ్రం చేశాక అక్కడేదైనా శిల్పం పెడదామని మీటింగులో మాట వచ్చింది. కొని తెద్దామన్నారు కొందరు. మనమే చేద్దామన్నాను నేను. "ఇక్కడ శిల్పాలు చెయ్యడం ఎవరికొచ్చు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఎనిమిదేళ్లుగా మట్టితో పని చేస్తున్నాను. మిగతావాళ్లలో చాలామంది చిన్నప్పుడు ముట్టుకున్నదే, మళ్లీ ముట్టుకోలేదు.

అందుకే దొంతి అనుకున్నాను. కుండ మీద కుండ పేర్చినట్టు, తలా ఒక మట్టి డబ్బా చేసి, వాటిని ఒక ఇనప పైపుకు గుచ్చి నిలబెట్టడం. డబ్బా వెడల్పు 30 సెంటీమీటర్లు, ఎత్తు 15, గోడ మందం 2. పైనా కిందా మూతలు, మధ్యలో పైపు దూరే రంధ్రం. ఈ కొలతలు అందరికీ ఒకటే. డబ్బా పైన ఏం చెక్కుతారో, ఏం అతికిస్తారో ఎవరిష్టం వాళ్లది.

ఈ ధైర్యం నాకు ఆంటొనీ గోర్మ్‌లీ పని చూశాక వచ్చింది. ఆ బ్రిటిష్ శిల్పి 1993లో ఇంగ్లండ్‌లోని సెయింట్ హెలెన్స్‌లో సుమారు వంద మందితో కలిసి దాదాపు 40,000 మట్టి బొమ్మలు చేయించాడు. పదేళ్ల తర్వాత చైనాలో ఒక గ్రామంలో సుమారు 350 మందితో రెండు లక్షల దాకా చేయించాడు. ఆయన చెప్పినవి మూడు ముక్కలే: బొమ్మ చేతిలో పట్టేంత ఉండాలి, నిలబడాలి, రెండు కళ్లుండాలి. ఆ బొమ్మల ఫొటోలు దగ్గరగా పెట్టుకుని చూస్తే ఒకటి మెడ చాచి చూస్తుంటుంది, ఇంకొకటి ముడుచుకుని ఉంటుంది. "మీ ఇష్టమొచ్చినట్టు చెయ్యండి" అంటే చాలామందికి చెయ్యి కదలదు. ఒక చిన్న హద్దు గీసి ఇస్తే ఆ హద్దులోపల మనిషి బయటపడతాడు. ఈ ప్రాజెక్టంతా ఈ నమ్మకం మీదే మొదలుపెట్టాను.

1వ వారం

నాతో కలిపి పదిహేడు మందిమి చేరాం. తలా 12 కిలోల మట్టి, టెస్టులకు, తరుగుకు ఇంకొంత, మొత్తం 250 కిలోల దాకా. ఇంత మందం ముక్కలు పగలకుండా ఆరాలంటే ఉత్త మట్టి పనికిరాదు. కాల్చిన పెంకుల పొడి, గ్రాగ్ అంటారు, ఐదో వంతు కలపాలి. అది మట్టిలో చిన్న చిన్న దారులు తెరిచి తేమను బయటికి పంపుతుంది, ముడుచుకుపోవడాన్నీ తగ్గిస్తుంది.

ఈ రోజంతా మట్టి తొక్కడం, పిసకడమే. బోర్ కొడుతుందేమో అని నాకు టెన్షన్‌గా ఉండింది. కానీ మంచి మాటలన్నీ ఈ రోజే నడిచాయి. మట్టి పిసికేటప్పుడు ఎవరూ ఎదుటివాళ్ల ముఖం చూడరు, అందరి చూపూ చేతుల మీదే. అలా పక్కపక్కన నిలబడితే, ఎదురెదురుగా కూర్చుని ఎప్పుడూ అడగని మాటలు అడుగుతారు. ఒకే లిఫ్టులో ఆరేళ్లుగా ఎక్కి దిగుతున్న ఇద్దరు ఇవాళ ఒకరి పేరు ఒకరు అడిగి తెలుసుకున్నారు.

సాయంత్రం చేతులు కడుక్కుంటే హాల్లో సింకు పూడుకుపోయింది. తప్పు నాదే. మట్టి చేతులు సింకులో కడగకూడదు. బకెట్లో కడిగి, మట్టి అడుగుకు దిగాక పైన నీళ్లు మాత్రమే వంచాలి. ప్లంబర్ వచ్చి పైపు విప్పితే పిడికెడు ముద్ద బయటపడింది. ఆయన దాన్ని పారెయ్యలేదు. వేళ్లతో నొక్కి చూస్తూ కాసేపు నిలబడి, "దీంతో ఏం చేస్తున్నారక్కా?" అని అడిగాడు. చెప్పాను. వచ్చే ఆదివారం తనూ రావచ్చా అన్నాడు. అలా పద్దెనిమిది మందిమి అయ్యాం.

2వ వారం

డబ్బా గోడలు లేపడం నేర్పాను. మట్టిని తాళ్లలా పేని ఒకదాని మీద ఒకటి చుట్టడం ఒక పద్ధతి, పలకగా ఒత్తి చుట్టి అతికించడం ఇంకోటి. ఎక్కువమంది పలకకే మొగ్గారు. అతుకు పెట్టేచోట రెండు వైపులా గాట్లు గీసి, పల్చటి మట్టి పేస్టు రాసి, గట్టిగా నొక్కాలి. గాట్లు గీయకుండా అతికిస్తే ఆరేటప్పుడు కచ్చితంగా ఊడుతుంది. ఇది కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాను.

గోడలు లేచాయి కానీ అందరూ ఆగిపోయారు. ఏం చెక్కాలో తెలియక ఫోన్లు తీసి బొమ్మలు వెతుకుతున్నారు. పువ్వులు, నెమళ్లు. నాకు దిగులేసింది.

మాలో చూపు బాగా తగ్గిపోయిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు ఫోను వెతికే వీలు లేదు. రెండు చేతులూ డబ్బా చుట్టూ వేసి నెమ్మదిగా తిప్పుతూ, ఎక్కడ మట్టి కాస్త మెత్తగా ఉందో అక్కడ బొటనవేలితో నొక్కుతున్నారు. తిప్పడం, నొక్కడం. పావుగంటలో డబ్బా చుట్టూ ఒక పల్లం తిరిగి తిరిగి పైకి ఎక్కింది. ఆ పల్లంలో ప్రతి నొక్కు కిందా ఆయన గోరు అంచు చిన్న గీతలా పడింది. ఒక చోట గీత లేదు. ఆ బొటనవేలి గోరు ఒక పక్క విరిగి ఉందట, అక్కడికొచ్చేసరికి వేలు పక్కకు తిప్పారు. నేను చూసినంతలో ఆ గదిలో అంత సొంతంగా ఉన్న పని ఇంకోటి లేదు.

అందరినీ ఫోన్లు పక్కన పెట్టి పది నిమిషాలు కళ్లు మూసుకోమన్నాను. నవ్వులు, గుసగుసలు, తర్వాత నిశ్శబ్దం. కళ్లు తెరిచేసరికి పువ్వులూ నెమళ్లూ లేవు. ఒకావిడ డబ్బాకు ఒక వైపంతా చెయ్యి అడ్డంగా పెట్టి తోసేసింది. "ఇలాగే ఉండనీ" అంది. కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

3వ వారం

ఆరడం గురించి గొడవ. మట్టి పైన త్వరగా ఆరి లోపల పచ్చిగా ఉంటే పగులు పడుతుంది. కాబట్టి పాలిథిన్ కప్పి, అంచులు తడి గుడ్డతో చుట్టి, రోజుకొకసారి ఎవరో ఒకరు చూసుకోవాలి. వంతులు రాసుకున్నాం. రాత్రి డ్యూటీ చేసే నర్సు ఒకావిడ పొద్దున్నే ఇంటికొస్తూ తనే చూస్తానంది. తను మొదలుపెట్టిన డబ్బా సగమే అయింది. అయినా ప్రతి ఉదయం పద్దెనిమిది పాలిథిన్లూ ఎత్తి చూసి నీళ్లు చిలకరించి వెళ్లింది. రెండు డబ్బాల అతుకుల్లో సన్నటి పగుళ్లు ముందుగా కనిపెట్టింది ఆవిడే.

హాలు ఊడవద్దని కూడా చెప్పాను. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఊడిస్తే గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి గుడ్డతో తుడవాలి.

4వ వారం

పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు వాళ్ల అమ్మ బలవంతం మీద వస్తున్నాడు. మూడు వారాల్లో నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండడు. వాడి డబ్బా బయటి వైపు నున్నగా, ఏమీ లేకుండా ఉంది. ఇవాళ చూస్తే పై మూతను తిరగేసి దాని అడుగు వైపు ఏదో చెక్కుతున్నాడు. అది మూసేస్తే ఎవరికీ కనపడదు. రంధ్రంలోంచి పైపు దిగాక ఇక ఎప్పటికీ కనపడదు.

"బాబూ, అది లోపలికి పోతుంది కదా" అన్నాను.

"తెలుసు ఆంటీ" అన్నాడు.

అంతే. వాడి చేతి కింద ఏముందో నేను వంగి చూడలేదు. ఇలాంటి చోట టీచరు నోరు మూసుకోవడమే పని. శిల్పం బయటికి చూపించడానికే అన్న ఆలోచన నాలో ఎంత గట్టిగా నాటుకుపోయి ఉందో ఆ ఒక్క మాటతో తెలిసింది. తనకు చెప్పుకోవాల్సింది ఉంది, వినేవాళ్లను మాత్రం తనే ఎంచుకుంటానంటున్నాడు. అది కూడా చెప్పుకోవడమే.

సంగతి ఎలాగో పాకింది. సాయంత్రానికి ఇంకో ఐదారుగురు మూతలు తెరిచి లోపల ఏదో రాసుకుని మళ్లీ మూశారు. అందరూ ఒకరికి ఒకరు వీపు తిప్పుకుని రాశారు.

6వ వారం

ట్రయల్‌కు నాలుగు డబ్బాలు ముందుగా ఆరబెట్టి కాల్చాం. అద్దెకు తీసుకున్న కరెంటు బట్టీ. రాత్రంతా 90 డిగ్రీల లోపే ఉంచి, తర్వాత గంటకు 50 డిగ్రీల చొప్పున 600 దాకా, అక్కడినుంచి కాస్త వేగంగా 1,000కి. మధ్యలో 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ స్ఫటికాలు ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి, చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర ముడుచుకుంటాయి. అందుకే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ తొందర పడకూడదు. నాలుగూ చక్కగా, ఎర్రగా వచ్చాయి.

పైపు తెచ్చి దూర్చి చూశాం. దూరలేదు.

మట్టి ఆరి, కాలి 8 శాతం ముడుచుకుంటుందని టెస్టు పలక మీద నేనే కొలిచాను. 100 మిల్లీమీటర్ల గీత 92 అయింది. డబ్బా వెడల్పుకు, ఎత్తుకు ఆ లెక్క వేసుకున్నాను. రంధ్రానికి మాత్రం మర్చిపోయాను. పైపు బయటి కొలత 60, కాస్త వదులుగా ఉంటుందని 64 కోయించాను. కాలాక అది 59 అయింది. ఒక్క మిల్లీమీటరు తక్కువ. అరగదీద్దామంటే గ్రైండరు అదురుకు మూత పగలొచ్చు, ఆ రిస్కు తీసుకునే ధైర్యం నాకు లేదు. ఆ నలుగురి ముఖాలు చూడలేకపోయాను. నెలన్నర ఆదివారాలు నన్ను నమ్మి ఇచ్చినవాళ్లు వాళ్లు.

మిగతా పద్నాలుగు ఇంకా పాలిథిన్లోనే, చాకు దిగేంత మెత్తగా ఉన్నాయి. వాటి రంధ్రాలను అప్పటికప్పుడు పెద్దవి చేశాం. పచ్చిమీద 76 ఉంటే కాలాక 70 వస్తుంది. ఆ అబ్బాయి తన డబ్బా రంధ్రం తనే కోసుకున్నాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మరుసటి రోజు

ప్లంబర్ పొద్దున్నే తలుపు కొట్టాడు. "పడుకోలేదా అక్కా? దీనికింత టెన్షన్ ఎందుకు? ఒకటిన్నర అంగుళాల పైపు మన రెండంగుళాల పైపులోకి దూరుతుంది. పైన చిన్నది దించి వెల్డింగు చేద్దాం. ఆ నాలుగూ పైకి పోతాయి."

ఒకటిన్నర పైపు బయటి కొలత 48. 59 రంధ్రంలో చుట్టూ ఐదు మిల్లీమీటర్ల సందు, కింద 70 రంధ్రంలో 60 పైపుకూ అంతే సందు. కొలిచి చేసినట్టు సరిపోయింది. ముప్ఫై సెంటీమీటర్లు లోపలికి దించితే బలానికీ ఢోకా లేదు. ఎనిమిదేళ్ల మట్టి పనిలో నాకు తట్టనిది ఆయనకు తట్టింది, ఎందుకంటే పైపులు ఆయన భాష. సింకు పూడకపోయి ఉంటే ఆయన మాలో ఉండేవాడే కాదు.

8వ వారం

రెండో విడత కాల్చాం. 200 డిగ్రీలు దాటకముందే బట్టీలోపల ఢామ్మని చప్పుడు. చల్లారాక తెరిస్తే నర్సు చేసిన డబ్బా చిప్పలు చిప్పలై ఉంది. పక్క డబ్బాకు ఒక పెంకు తగిలి అంచు లేచిపోయింది.

మట్టిలో గాలి బుడగ ఉంటే పేలుతుందని చాలామంది అంటారు. పేల్చేది చాలావరకు తేమ. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుంది. బయటికి పోయే దారి చాలకపోతే గోడను తోసుకుని పోతుంది. ముక్క ఆరిందో లేదో చూడ్డానికి సులువైన పద్ధతి చెంపకు ఆనించుకోవడం. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. నర్సు తన డబ్బా ఆలస్యంగా ముగించింది కాబట్టి ఇంకో వారం ఆగాల్సింది. బట్టీ అద్దె రోజులు అయిపోతున్నాయని నేనే తొందరపడ్డాను.

ఆవిడ ఏమీ అనలేదు. డ్యూటీకి టైమైందని వెళ్లిపోయింది. వెళ్లాక ఎవరో అన్నారు: "ఇంతా చేసి ఇలా పగిలిపోతే ఏం మిగిలినట్టు?" దానికి నాకు అగస్టా సావేజ్ గుర్తొచ్చింది. అమెరికాలో నల్లజాతి శిల్పి. 1932లో న్యూయార్క్‌లోని హార్లెంలో తన స్టూడియోనే బడిగా మార్చి చుట్టుపక్కల పిల్లలకు నేర్పింది. 1937లో హార్లెం కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌కు మొదటి డైరెక్టరైంది. 1939 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం పదహారు అడుగుల శిల్పం చేసింది, పాడే మనుషులే హార్ప్ అనే వాద్యం తీగల్లా నిలబడ్డట్టు. అది ప్లాస్టర్. కంచులో పోత పోయించడానికి డబ్బు దొరకలేదు. ఫెయిర్ ముగిశాక ఆ శిల్పాన్ని పగలగొట్టేశారు. ఆమె దగ్గర చేతులు కదపడం నేర్చుకున్నవాళ్లను మాత్రం ఎవరూ పగలగొట్టలేకపోయారు. ఇదంతా అక్కడున్నవాళ్లకు చెప్పాను. ఓదార్పు కోసం కాదు, నిజంగా అదే నా జవాబు.

9వ వారం

నర్సు రాదేమో అనుకున్నాను. వచ్చింది. మిగిలిన మట్టి చాలడం లేదని, అందరూ తమ దగ్గర దాచుకున్న ముద్దలు తెచ్చి ఇచ్చారు. ఒక్కొక్కరి ముద్ద ఒక్కో తడిలో ఉంది, అన్నీ కలిపి సమానం చేయడానికి నలుగురు గంటసేపు పిసికారు. ఈసారి ఆవిడ చేసింది మొదటిదానిలా లేదు. మొదటిదాని మీద వరుసగా కిటికీలు ఉండేవి. దీని మీద ఒకే కిటికీ, దాని అంచున రెండు వేళ్ల గుర్తు. అడిగితే, "పొద్దున వచ్చేటప్పుడు మా ఇంటి కిటికీ ఒక్కటే వెలుగుతుంటుంది" అంది.

అంచు లేచిపోయిన పక్క డబ్బాకు మరమ్మతు చేద్దామంటే, చేసినాయన వద్దన్నాడు. పేలిన పెంకులన్నీ ఒక బకెట్లో దాచాం.

10 నుంచి 12 వారాలు

ఎక్కువ ఆరబెట్టడమే. చెంపకు ఆనించి చూడ్డం ఇప్పుడు అందరికీ అలవాటైంది. ఎవరొచ్చినా ముందు డబ్బా ఎత్తి చెంపకు పెట్టుకుంటున్నారు, తమది కాకపోయినా సరే.

గొయ్యి తవ్వి, 60 సెంటీమీటర్ల లోతున కాంక్రీటులో పైపు నిలబెట్టాం. దిమ్మె పైన సిమెంటు పచ్చిగా ఉండగా పేలిన డబ్బా పెంకులు గుచ్చాం. సైమన్ రోడియా గుర్తొచ్చాడు. లాస్ ఏంజెలెస్‌లో 1921 నుంచి 1954 దాకా ఒక్కడే పగిలిన టైల్స్, గాజు ముక్కలు, గవ్వలు సిమెంటులో అద్దుతూ గోపురాలు కట్టాడు, వాట్స్ టవర్స్ అంటారు. ఆయన వదిలి వెళ్లాక కూల్చేయాలని ఆర్డరు వచ్చింది. జనం కమిటీ కట్టి అడ్డుపడ్డారు. 1959లో పదివేల పౌండ్ల బలంతో లాగి పరీక్షించినా గోపురం పడలేదు. కట్టింది ఒక్కడే అయినా నిలబెట్టుకోవడానికి మనుషులు కూడాల్సి వచ్చింది. మేం కట్టేటప్పుడే కూడాం. మాకు అదొక అదృష్టం.

13వ వారం

అన్నీ కాల్చడం పూర్తయింది. పెద్దాయన ఒక్కో డబ్బాను వేలి కణుపుతో తట్టి చూశారు. బాగున్నది గంటలా ఖణేల్మంటుంది, కంటికి కనపడని పగులుంటే మొద్దుగా పలుకుతుంది. పద్దెనిమిదింట్లో ఒకటి మొద్దుగా పలికింది, నాదే. లోపలి అతుకులో సన్నటి పగులు. ఎపాక్సీ జిగురుతో నింపాను.

ఎవరిది ఎక్కడ ఉండాలన్న దాని మీద గట్టిగానే మాట పెరిగింది. అందరికీ కంటి ఎత్తులోనే కావాలి. ఒకాయన లేచి వెళ్లిపోబోయాడు. చివరికి చీటీలు వేశాం. పైన పోవాల్సిన ఆ నాలుగూ, పెద్దాయనదీ మాత్రం చీటీల్లో లేవు. నిలబడి చెయ్యి చాస్తే తగిలే ఎత్తులో తనది ఉండాలని ఆయన అడిగారు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

14వ వారం, ఆదివారం

పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం. ఒక్కో డబ్బా తొమ్మిది కిలోల దాకా ఉంది. హాలు నుంచి దిమ్మె దాకా వరసగా నిలబడి చేతికి చెయ్యి అందించుకున్నాం. ఇద్దరు పరంజా స్టేజీ మీద, పైపు కొసకు గుచ్చి మెల్లగా కిందికి వదలాలి. డబ్బాకూ డబ్బాకూ మధ్య రబ్బరు వాషరు. మట్టి మీద మట్టి నేరుగా కూర్చుంటే ఎత్తుపల్లాల దగ్గర బరువంతా ఒకే చోట పడి పగులుతుంది. అన్నిటికన్నా కిందిదానికి అడుగున నీరు పోయే సందు వదిలాం.

కిందినుంచి మూడోది అబ్బాయిది. వాడి చీటీ అలా వచ్చింది. వరసలో డబ్బా వాడి చేతికి రాగానే వాడు ముందుకు అందించలేదు. పట్టుకుని పక్కకు నడిచాడు, కుర్చీలో కూర్చున్న పెద్దాయన దగ్గరికి. డబ్బా ఒళ్లో పెట్టి, ఆయన చెయ్యి తీసుకుని రంధ్రం దగ్గర ఉంచాడు. ఆయన మూడు వేళ్లు లోపలికి పోనిచ్చి, పైకి వంచి, మూత అడుగు తడిమారు. వరస మొత్తం ఆగిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"మెట్లా?" అన్నారు.

"అవును తాతయ్యా."

"చుట్టూ తిరుగుతున్నాయి. తొమ్మిదున్నాయి."

"పదకొండు. చివరి రెండూ సగమే ఉంటాయి. రంధ్రం పెద్దది చేసినప్పుడు తెగాయి."

ఆయన వేళ్లు మళ్లీ లోపల కదిలాయి. కాసేపటికి తల ఊపారు. "ఆ, ఉన్నాయి. రెండూ ఉన్నాయి."

అబ్బాయి డబ్బా ఎత్తుకుని తనే స్టేజీ ఎక్కాడు. కిందినుంచి ప్లంబర్ రెండు చేతులతో పైపు కదలకుండా పట్టుకున్నాడు.